అండమాన్ నుంచి వచ్చాక మోచేయి నొప్పి, ఒంటి మీద మచ్చలు: డీకంప్రెషన్ సిక్‌నెస్ కావచ్చా?

మీ తమ్ముడు హావ్‌లాక్‌లో మూడు రోజులు స్కూబా చేసి, చివరి డైవ్ అయిన మర్నాడు పొద్దున్నే విమానం ఎక్కాడని, కరీంనగర్ చేరినప్పటి నుంచి మోచేయి నొప్పి, పొట్ట మీద మచ్చలు, నీరసం ఉన్నాయని రాశారు. అలసటేనని అతను కొట్టిపారేస్తున్నాడన్నారు. నేను డాక్టర్‌ని కాదు, హన్మకొండలో స్టేషనరీ షాపు నడుపుతాను. కానీ ఈ డీకంప్రెషన్ సిక్‌నెస్‌తో (డైవింగ్ తర్వాత ఒత్తిడి తగ్గినప్పుడు ఒంట్లో నైట్రోజన్ బుడగలు కట్టే జబ్బు) బాధ పడ్డవాణ్ని. దయచేసి రేపటిదాకా ఆగకండి. ముందు అతన్ని వెల్లకిలా పడుకోబెట్టి, ఆక్సిజన్ ఉన్న దగ్గరి ఆసుపత్రికి ఫోన్ చేయండి. మిగతాది తర్వాత చదవండి.

నాది 2022 సంగతి. నేనూ స్కూబా చేసి తిరిగొస్తుంటే విమానంలో ఎడమ భుజం లోపల పన్ను నొప్పి లాంటి సలుపు మొదలైంది. బ్యాగు మోసినందుకేమో అనుకున్నా. తెల్లారి చొక్కా గుండీలు పెట్టుకోబోతే గుండీ వేళ్లకు తగిలిన సంగతే తెలియలేదు. ఒక ఆసుపత్రిలో మెడ ఎక్స్‌రే తీసి నొప్పి గోలీలు ఇచ్చి పంపారు. డైవింగ్ గురించి వాళ్లు అడగలేదు, నేనూ చెప్పలేదు. అక్కడే ఒక రోజు పోయింది.

పట్టుకున్నది మా అక్క. ఆమె స్టాఫ్ నర్సు. "పోయిన వారం రోజులల్ల ఏమేం చేసినవో మొత్తం చెప్పు" అని కూర్చోబెట్టి అడిగింది. తర్వాత కండ్లు మూసుకొని ఒంటికాలి మీద నిలబడమంది. కుడికాలి మీద నిలబడ్డా. ఎడమకాలికి మార్చగానే తూలి బీరువా మీద పడ్డా. "నడువు" అని మళ్లీ ఆసుపత్రికి తీసుకుపోయింది. ఈ పరీక్షలో తూలకపోయినా జబ్బు లేదని కాదు, అది గుర్తుంచుకోండి.

లోపల జరిగేది ఇదీ. సముద్రంలో 10 మీటర్లు దిగితే ఒంటి మీద ఒత్తిడి రెట్టింపవుతుంది, 18 మీటర్ల దగ్గర 2.8 రెట్లు. ఆ ఒత్తిడిలో పీల్చిన గాలిలోని నైట్రోజన్ ఒంట్లో కరుగుతుంది. మన నేలలు వాన నీళ్లు తాగినట్టే అనుకోండి. రక్తం దుబ్బ నేల, తొందరగా తాగి తొందరగా వదిలేస్తుంది. కీళ్లు, కొవ్వు నల్లరేగడి, పైకి ఆరినట్టున్నా లోపల తడి ఉంటూనే ఉంటుంది. ఆ తడి ఆరకముందే విమానం ఎక్కితే, క్యాబిన్‌లో ఒత్తిడి సుమారు 2,000 మీటర్ల కొండ మీద ఉన్నంతే కాబట్టి, నైట్రోజన్ బుడగలు కడుతుంది. వరసగా డైవ్‌లు చేసినవాళ్లు కనీసం 18 గంటలు ఆగాలనేది అందుకే. నేను 15 గంటలకే ఎక్కాను, రాత్రంతా పడుకున్నాం కదా చాల్లే అనుకొని. (మోటబావుల్లో దూకి పెరిగిన మనకు ఇది వింతగా ఉంటుంది. ఊపిరి బిగబట్టి మునిగితే కొత్త గాలి లోపలికి పోదు, అందుకే అక్కడ సాధారణంగా ఈ గొడవ రాదు.)

మచ్చలను తేలిగ్గా తీసుకోకండి. ఎరుపు, నీలం కలిసి పాలరాతి చారల్లా ఉంటే అసలు ఆలస్యం వద్దు. కాళ్లు తిమ్మిరెక్కినా, తల తిరిగినా, ఆయాసం వచ్చినా, మూత్రం రాకపోయినా అంతే.

ఆసుపత్రిలో మీకు ఎదురయ్యే మాట ఒకటుంది. "ఆక్సిమీటర్‌లో 99 ఉంది, ఆక్సిజన్ ఎందుకు?" నన్నూ అలాగే అడిగారు. ఇక్కడ ఆక్సిజన్ ఇచ్చేది తక్కువైందని కాదు. పీల్చే గాలిలో నైట్రోజన్ లేకుండా చేస్తే ఒంట్లో ఉన్నది ఊపిరితిత్తుల గుండా బయటికి వస్తుంది. ముక్కు గొట్టం చాలదు, సంచి ఉన్న మాస్క్‌తో నిమిషానికి 15 లీటర్లు పెట్టమనండి. డాక్టర్‌కు సందేహముంటే, డైవర్లకు వైద్య సలహా ఇచ్చే సంస్థ డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ అత్యవసర నంబర్ +1-919-684-9111కి ఫోన్ కలిపి ఆయనతోనే మాట్లాడించండి. వాంతులు లేకపోతే నీళ్లు, ఓఆర్ఎస్ తాగించండి. మద్యం, మసాజ్ వద్దు.

ఆక్సిజన్‌తో నొప్పి తగ్గినా ఇంటికి తీసుకురాకండి, చాంబర్ చికిత్స (ఒత్తిడి పెంచిన గదిలో ఉంచి ఆక్సిజన్ పీల్చించడం) కావాల్సిందే. హైదరాబాద్‌కు రోడ్డు మీదే వెళ్లండి. అంబులెన్స్‌లో చిన్న సిలిండర్ 1,500 లీటర్లది, అంటే 100 నిమిషాలు. సిద్దిపేట దాటిన కాసేపటికే ఖాళీ అవుతుంది. రెండోది, వీలైతే మూడోది వేయించుకోండి. బయలుదేరే ముందే ఫోన్‌లో కనుక్కోండి: డైవింగ్ కేసు తీసుకుంటారా, చాంబర్‌లో ఒత్తిడి మామూలు గాలి ఒత్తిడికి 2.8 రెట్ల దాకా వెళ్తుందా? కొన్ని చోట్ల ఉండే గుడ్డ డేరా లాంటి మెత్తటి చాంబర్లు దీనికి పనికిరావు.

నన్ను మొదటిసారి దాదాపు ఐదు గంటలు లోపల ఉంచారు. మాస్క్‌తో ఆక్సిజన్, మధ్య మధ్య మామూలు గాలి. ఒత్తిడి పెంచేటప్పుడు డైవ్‌లో లాగే చెవులు బిగుసుకుంటాయి, ముక్కు మూసి ఊదుకోవాలి. మొదటి గంటలోనే భుజం సలుపు పోయింది. కాలు కుదురుకోవడానికి ఇంకో రెండు సార్లు వెళ్లాల్సి వచ్చింది. చిటికెన వేలి కొస మొద్దుబారడం మూడు నెలలు ఉంది, ఆ పోయిన ఒక్క రోజు వల్లేనని నాకు గట్టిగా అనిపిస్తుంది.

అతని డైవ్ కంప్యూటర్ గానీ లాగ్‌బుక్ గానీ ఉంటే వెంట పెట్టుకోండి. ఆసుపత్రికి చేరాక ఇక్కడ ఒక్క మాట రాయండి, రాత్రి ఎంతసేపైనా చూస్తూ ఉంటాను.