యూరియా పనిచేయలేదంటే ఎంజైమ్ తక్కువై కాదు

ప్రశ్న: వరి కోశాక దున్నకుండా కొయ్యకాళ్లలోనే మక్కజొన్న వేశాను. విత్తిన నెల రోజులకు ఎకరాకు రెండు బస్తాల యూరియా చల్లాను. మోటారు కాలిపోవడంతో నాలుగు రోజుల తర్వాత నీళ్లు పెట్టాను. పంటకు ఇప్పుడు 45 రోజులు, కింది ఆకులు పసుపు రంగుకు తిరుగుతున్నాయి. జింక్ లోపమేమో అనుకున్నాను. డీలరేమో భూమిలో యూరియేజ్ ఎంజైమ్ తగ్గింది, ఎంజైమ్ గుళికలు వేయమంటున్నాడు. వేయాలా?
– ఒక రైతు, పరకాల

జవాబు: వేయొద్దు. జింక్ లోపం కూడా కాదు. అదైతే లేత ఆకుల మొదలు దగ్గర తెల్లటి చారలు వస్తాయి. మీరు పంపిన ఫొటోలో ముదురు ఆకులు కొన నుంచి నడి ఈనె వెంట పసుపుబారాయి. ఇది నత్రజని లోపం. రెండు బస్తాలు వేశాక లోపమేమిటంటారా? వేసిన దాంట్లో చాలా భాగం గాలికి పోయింది.

యూరియాను అమ్మోనియాగా విడగొట్టేది యూరియేజే. నేలలోని సూక్ష్మజీవుల్లో, పంట వ్యర్థాల్లో ఇది కావలసినంత ఉంటుంది. కొయ్యకాళ్ల మీద మరీ ఎక్కువ. యూరియా మట్టిలోకి దిగితే ఆ అమ్మోనియాను మట్టి పట్టి ఉంచుతుంది, పైనే ఉంటే ఆవిరైపోతుంది. మంచు తడి తగిలినా చాలు, రెండు మూడు రోజుల్లోనే ఈ పని మొదలవుతుంది. మీరు నీళ్లు పెట్టింది నాలుగు రోజులకు. ఇప్పుడు డబ్బులు పెట్టి అదే ఎంజైమ్ ఇంకా వేస్తే నష్టం త్వరగా జరుగుతుంది, అంతే. యూరియా గుళికలకు వేప నూనె పూత ఉంది కదా అని ధీమా పడకండి. అది యూరియేజ్‌ను పెద్దగా ఆపదు, తర్వాత అమ్మోనియా నైట్రేట్‌గా మారే దశను నెమ్మది చేస్తుంది.

ఈ ఎంజైమ్ పనికొచ్చే చోటు వేరే ఉంది. పశువుల మేత కోసం 100 కిలోల వరిగడ్డికి 4 కిలోల యూరియా కలిపిన నీళ్లు చల్లి, గాలి చొరకుండా 21 రోజులు కప్పి పెడతాం కదా, అక్కడ అమ్మోనియా బయటికి పోలేక గడ్డిని మెత్తబరుస్తుంది. చేనుకు కప్పు వేయలేం కాబట్టి మట్టే కప్పాలి.

ముందుగా లీటరు నీటికి 20 గ్రాముల యూరియా కలిపి సాయంత్రం పిచికారీ చేయండి, వారం తర్వాత మరోసారి. ఈలోగా ఎకరాకు ఒక బస్తా, అంటే 45 కిలోలు, మొక్కకు నాలుగు వేళ్ల దూరంలో కర్రతో గుంత చేసి వేసి మట్టి కప్పండి. అదే రోజు తేలికగా తడి ఇవ్వాలి. మోటారు సిద్ధంగా లేకపోతే బస్తా విప్పొద్దు. 60–65 రోజులకు ఇంకో బస్తా ఇలాగే. ఒకేసారి రెండు బస్తాలు కుమ్మరించే అలవాటు మానండి, రబీ మక్కకు నత్రజనిని నాలుగు దఫాలుగా ఇవ్వాలి.

ఇక డీలర్ సంగతి. భూసార పరీక్ష కాగితం చూడకుండా నేలలో ఏది తక్కువో అతనికెలా తెలిసింది? ఎంజైమ్ తగ్గిందని చెప్పే పరీక్ష ఆ దుకాణంలో ఉండదు. మక్క కోశాక, ఎరువు వేయకముందే మట్టి నమూనా తీసి మీ ఏఈఓకు (వ్యవసాయ విస్తరణ అధికారికి) ఇవ్వండి. నేల ఉదజని సూచిక (pH) 8 దాటితే అమ్మోనియా ఇంకా ఎక్కువ పోతుంది, అలాంటి చేనులో యూరియా పైన చల్లనే చల్లొద్దు.