బీపీ అంకెను చూసి నిశ్చింతగా ఉండకమ్మా

చిరంజీవి అమ్మలుకు పెద్దమ్మ దీవించి వ్రాయునది.

నీవు పాడేరు వైపు ప్రసూతి డ్యూటీకి వెళ్తున్నావని మీ అమ్మ చెప్పినప్పుడు ఎంత గర్వపడ్డానో, ఆ రాత్రి అంతగా దిగులుపడ్డాను. మత్తు డాక్టరుగా నా ఉద్యోగమంతా కాన్పు గదుల పక్కనే గడిచింది కనుక, నాకున్న భయమల్లా రక్తస్రావం గురించే.

నరంలోకి లావు కాన్యులాలు (సెలైన్ గొట్టాలు) రెండు పెట్టడం, ఎక్కించే రక్తం సరిపోతుందో చూసే క్రాస్ మ్యాచింగ్‌కు పంపడం, గర్భాశయం ముడుచుకునేలా ఆక్సిటోసిన్ ఇవ్వడం నీకు తెలిసినవే. గడ్డకట్టిన రక్తం కరగకుండా ఆపే ట్రానెగ్జామిక్ ఆమ్లం ఒక గ్రాము, కాన్పయిన మూడు గంటలలోపే ఇవ్వాలి. తడిసిన గుడ్డలను కంటితో అంచనా వేయకు, తూకం వేయించు.

నేను జూనియర్‌గా ఉన్నప్పుడు ఒక ఆసుపత్రిలో జరిగిన పొరపాటును మాత్రం వివరంగా రాయాలి. కాన్పయిన ఒక తల్లికి రక్తం సన్నగా కారుతూనే ఉంది. బీపీ 110/90, నాడి 124, హిమోగ్లోబిన్ 10.5. అక్కడి పెద్ద డాక్టరుగారు బీపీ, హిమోగ్లోబిన్ బాగున్నాయని చెప్పి వెళ్లిపోయారు. నేను ఆమె తొడ మీది నుంచి కిందికి చేతి వెనుక భాగాన్ని జరుపుతూ పోతే, మోకాలి దగ్గరికి వచ్చేసరికి వెచ్చదనం ఆగిపోయి, అక్కడి నుంచి పాదం దాకా చల్లగా, చెమటగా తగిలింది. రక్తం తగ్గిన సంగతిని మెడలోని, బృహద్ధమనిలోని గ్రాహకాలు (ఒత్తిడిని కనిపెట్టే నాడీ కొసలు) పసిగట్టగానే, ఆపదలో శరీరాన్ని సిద్ధం చేసే సింపథెటిక్ నాడులు చర్మానికీ, పేగులకూ, మూత్రపిండాలకూ వెళ్లే నాళాలను బిగించి, ఉన్న రక్తాన్ని గుండెకూ మెదడుకూ మళ్లిస్తాయి. పై అంకె నిలబడి, కింది అంకె పెరిగి, రెంటి మధ్య తేడా తగ్గింది ఆ బిగింపు వల్లనే. గర్భిణికి ప్లాస్మా దాదాపు సగం మేర పెరిగి ఉంటుంది కనుక ఈ నెట్టుకురావడం ఇంకా ఎక్కువసేపు సాగుతుంది. ఇక హిమోగ్లోబిన్ అంటావా, పోయేది రక్తం మొత్తంగా పోతుంది కాబట్టి, కణజాలంలోని నీరు నాళాల్లోకి చేరేదాకా ఆ అంకె పెద్దగా మారదు. నాడిని బీపీ పై అంకెతో భాగించి చూడు. 0.9 దాటితే ఆ తల్లిని విడిచి కదలకు. చిన్నప్పుడు లెక్క చేయకుండా పుస్తకం చివర జవాబు చూసేదానివి. ఇక్కడ ఆ తొందర పనికిరాదు తల్లీ.

లోపల జరిగేది ఇంకా కఠినమైనది. అడ్రినలిన్ కాలేయంలో నిలవ ఉన్న చక్కెర అయిన గ్లైకోజన్‌ను కరిగించి, ఇన్సులిన్‌ను అణచివేస్తుంది, కార్టిసాల్ ఇన్సులిన్ పనిని అడ్డుకుంటుంది కనుక షుగరు వ్యాధి లేని తల్లికి కూడా షుగరు పెరిగి కనిపిస్తుంది. కానీ ఆక్సిజన్ అందని కణం ఒక గ్లూకోజు అణువు నుంచి సుమారు 30 ఏటీపీలకు (కణం ఖర్చుపెట్టే శక్తి అణువులకు) బదులు రెండే రాబట్టుకొని, లాక్టేటును పోగుచేస్తుంది, దాంతో ఆమ్లత పెరుగుతుంది. శక్తి తయారీ తగ్గితే వేడి కూడా తగ్గుతుంది. కత్‌బర్ట్‌సన్ అనే పరిశోధకుడు 1942లో గాయపడిన శరీరపు తొలి దశ అని వర్ణించినది ఈ మందగింపునే. ఆ స్థితిలో ఉన్న మనిషికి ఏసీ గదిలో చల్లని సెలైన్ ఎక్కిస్తే, వేడి తగ్గి, ఆమ్లత పెరిగి, రక్తం గడ్డకట్టే శక్తి సన్నగిల్లి, ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయి. అందుకే దుప్పటి కప్పు, ఏసీ ఆపించు, ద్రవాలను వెచ్చజేసి ఎక్కించు. ఎక్కువ సీసాల రక్తం ఎక్కిస్తే సీసాలో గడ్డకట్టకుండా కలిపే సిట్రేటు ఒంట్లోని కాల్షియాన్ని పట్టేస్తుంది కనుక కాల్షియం ఇవ్వడం మరువకు.

ఆ తల్లి ఆ రాత్రి కుప్పకూలినా, రక్తం అందడంతో బతికింది. కానీ ఆమెకు పాలు పడలేదు. ఇంట్లోవాళ్లు ఆమెనే తప్పుపట్టారట. నెలల తరువాత నీరసంతో, ముట్టు రాక తిరిగి వచ్చినప్పుడు గాని అసలు సంగతి బయటపడలేదు. పాలకూ, ముట్టుకూ కావలసిన హార్మోన్లను పంపే, మెదడు అడుగున ఉండి గర్భంతో పెరిగిన పిట్యూటరీ గ్రంథి రక్తం అందక చచ్చిపోయింది. 1937లో షీహన్ అనే డాక్టరు వర్ణించిన జబ్బు ఇదే. రక్తం బాగా పోయిన ప్రతి తల్లినీ మూడో రోజున పాల సంగతి అడుగు, డిశ్చార్జి కాగితంలో రాసిపెట్టు, ఆమె అత్తగారికి కూడా నీవే నచ్చజెప్పు.

వేళకు ఇంత తిను. మొదటి డ్యూటీకి ముందే, రాత్రిపూట రక్తనిధి నుంచి ఒక సీసా మీ దగ్గరికి చేరడానికి ఎంతసేపు పడుతుందో అంబులెన్సు డ్రైవరును అడిగి తెలుసుకొని నాకు రాయి.

ఇట్లు,
పెద్దమ్మ