పాత కంప్యూటర్ మొండికేస్తే: పెదనాన్న ఉత్తరం

తల్లీ,

నిన్న రాత్రి ఫోన్ చేసి "పెదనాన్నా, కంప్యూటర్ చచ్చిపోయింది" అన్నావు. ఫ్యాన్ తిరుగుతోందా అని అడిగితే చూడలేదన్నావు, లైట్ వెలిగిందా అంటే గుర్తులేదన్నావు, బీప్ ఏమైనా వినిపించిందా అంటే "బీప్ ఏంటి" అన్నావు. ఇలా ఫోన్‌లో తెమిలే పని కాదని రాసి పంపుతున్నాను. పది పన్నెండేళ్ళ డెస్క్‌టాప్ నిజంగా చచ్చిపోవడం నేను చూసింది తక్కువ. ఎక్కడో ఒకచోట ఆగిపోతుంది, అంతే. ఎక్కడిదాకా వచ్చి ఆగిందో పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. మీ నాన్న "పారేసి కొత్తది కొందాం" అంటున్నాడట కదా, వాడి మాట ఒక వారం పక్కన పెట్టు.

ముందు ఒక కాగితం, పెన్ను దగ్గర పెట్టుకో. నవ్వకు, ఇది ఛాదస్తం కాదు, దెబ్బ తిని నేర్చుకున్నది. చాలా ఏళ్ళ కిందట నా సొంత మిషన్ ఒక సాయంత్రం ఇలాగే మొండికేసింది. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, స్క్రీన్ మాత్రం చీకటి. నేను మహా తెలిసినవాడిలా ర్యామ్ (మిషన్ పనిచేసేటప్పుడు వాడుకునే మెమరీ పలక) పీకాను, గ్రాఫిక్స్ కార్డు (స్క్రీన్‌కి బొమ్మ పంపేది) పీకాను, ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు ఇచ్చే డబ్బా) మార్చాను, బయోస్ (ఆన్ కాగానే మొదట నడిచే బోర్డు ప్రోగ్రాం) సెట్టింగులు చెరిపేశాను, అన్నీ ఒకే గంటలో. బాగుపడలేదు సరికదా, తిరిగి బిగించేటప్పుడు ప్రాసెసర్‌కి కరెంటు ఇచ్చే నాలుగు పిన్నుల ప్లగ్గు పెట్టడం మర్చిపోయి, ఉన్న తప్పుకి ఇంకో తప్పు తోడు చేశాను. రెండు రోజుల తర్వాత తేలిందేమిటంటే, కేబినెట్ ముందున్న రీసెట్ బటన్ లోపలికి వెళ్ళి ఇరుక్కుపోయింది! రీసెట్ నొక్కిపట్టినట్టే ఉంటే కరెంటు వస్తుంది, ఫ్యాన్లు తిరుగుతాయి, ప్రాసెసర్ మాత్రం పని మొదలుపెట్టదు. దాని వైరు మదర్‌బోర్డు (భాగాలన్నీ తగిలించే పెద్ద పలక) మీంచి పీకగానే మిషన్ లేచి కూర్చుంది. అప్పట్నించీ నా పద్ధతి ఒక్కటే. ఒకసారికి ఒక్కటే మార్చు, ఆన్ చేసి చూడు, ఏం జరిగిందో రాయి, తేడా లేకపోతే దాన్ని మళ్ళీ యథాప్రకారం పెట్టేసి అప్పుడు రెండోది ముట్టుకో. ఏది పీకినా పీకే ముందు ఫోన్‌తో ఒక ఫొటో తీసుకో.

మూత తీసే ముందు ప్లగ్గు పీకెయ్. స్విచ్ ఆపితే చాలదు, పూర్తిగా పీకాలి. తర్వాత పవర్ బటన్ ఒక పది సెకన్లు నొక్కిపట్టు, లోపల మిగిలిన కరెంటు చాలావరకు దిగిపోతుంది. (విచిత్రం ఏంటంటే కొన్నిసార్లు ఈ ఒక్క పనికే మిషన్ బాగైపోతుంది, మళ్ళీ ప్లగ్గు పెట్టి చూడు.) లోపల చెయ్యి పెట్టే ముందు కేబినెట్ ఇనుము ముట్టుకో, ఒంట్లో ఉన్న స్టాటిక్ పోతుంది. ఇంకొకటి, ఇది మాత్రం ఒట్టేసి చెప్పు నాకు, ఎస్‌ఎంపీఎస్ డబ్బా మూత ఎప్పుడూ విప్పకు. ప్లగ్గు పీకేసినా దాని లోపలి పెద్ద కెపాసిటర్లలో (కరెంటు నిలవుంచే భాగాలు) వందల వోల్టులు నిలిచి ఉండొచ్చు. అది పాడైతే మార్చడమే తప్ప ఇంట్లో బాగుచేసేది కాదు.

ఇప్పుడు బటన్ నొక్కు. అసలు ఏ చలనమూ లేదా? అయితే అదే సాకెట్‌లో టేబుల్ ల్యాంపు పెట్టి చూడు, ఎక్స్‌టెన్షన్ బాక్సు తీసేసి నేరుగా గోడకు పెట్టి చూడు, వెనకాల ఎస్‌ఎంపీఎస్ మీదుండే చిన్న స్విచ్ ఆఫ్‌లో ఉందేమో చూడు. ఊడ్చేటప్పుడు అది నొక్కుకుపోయి గంటలు గంటలు తలలు పట్టుకున్నవాళ్ళు ఉన్నారు. అన్నీ సరిగ్గా ఉంటే మదర్‌బోర్డు మీద చిన్న లైటు వెలుగుతోందేమో చూడు, చాలా బోర్డుల మీద ఉంటుంది. మిషన్ ఆఫ్‌లో ఉన్నా ఎస్‌ఎంపీఎస్ ఒక 5 వోల్టుల లైను పంపిస్తూనే ఉంటుంది, ఆ లైటు దానిది. లైటు ఉండి కూడా బటన్ పనిచేయలేదంటే బటన్ మీదే అనుమానం పడు, రోజూ నొక్కీ నొక్కీ అరిగిపోయేది అదే. బటన్ నుంచి వచ్చే సన్నటి జంట వైరు బోర్డు అంచున రెండు పిన్నుల మీద ఉంటుంది, దాని మీద పవర్ అని రాసి ఉంటుంది. ఆ వైరు తీసి, రెండు పిన్నులనూ స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం కలిపి వదిలెయ్. పక్క పిన్నులకు తగలనివ్వకు. మిషన్ ఆన్ అయిందా, దోషం బటన్‌దే. కొత్త బటన్ కోసం తిరగక్కర్లేదు, రీసెట్ బటన్ వైరు తెచ్చి పవర్ పిన్నులకు తగిలించు, ఇక నుంచి రీసెట్టే నీ పవర్ బటన్. మాకు తెలిసినవాళ్ళలో ఒకాయన ఆరేళ్ళు అలాగే నడిపాడు.

లైటు కూడా లేకపోతే ఎస్‌ఎంపీఎస్‌ని చూడాలి. బోర్డుకి వెళ్ళే పెద్ద 24 పిన్నుల ప్లగ్గు పీకి, అందులో ఆకుపచ్చ వైరు ఉన్న రంధ్రాన్నీ ఏదైనా నల్ల వైరు రంధ్రాన్నీ పేపర్ క్లిప్పుతో కలిపి, అప్పుడు గోడ ప్లగ్గు పెట్టి ఆన్ చేస్తే దాని ఫ్యాన్ తిరగాలి. తిరగకపోతే దాదాపు పోయినట్టే. తిరిగినంత మాత్రాన బాగున్నట్టు కాదు, ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. బరువు పడినప్పుడు వోల్టేజ్ నిలబడాలి. మల్టీమీటర్ (వోల్టులు కొలిచే పరికరం) దొరికితే పసుపు వైరు మీద 11.4 నుంచి 12.6, ఎరుపు మీద 4.75 నుంచి 5.25 వోల్టుల మధ్య చూపించాలి, అదీ క్లిప్పు తీసేసి, ఆ ప్లగ్గు తిరిగి బోర్డుకి పెట్టి, మిషన్ నడుస్తుండగా. కొన్ని కంపెనీ మిషన్లలో ఈ 24 పిన్నుల ప్లగ్గే ఉండదు, వైర్ల రంగులూ వేరుగా ఉంటాయి. నీది అలాంటిదైతే క్లిప్పు పరీక్ష జోలికి పోకు, నాకు ఫొటో పంపు.

నాలుగైదుసార్లు నొక్కితే గానీ లేవడం లేదు, ఒకసారి లేచాక సాయంత్రం దాకా బాగానే నడుస్తోంది అంటే అది వయసు మీద పడ్డ కెపాసిటర్ల లక్షణం. బోర్డు మీద చిన్న డబ్బాల్లా నిలబడి ఉంటాయి, పైకప్పు చదునుగా ఉండాలి. ఉబ్బినా, గోధుమరంగు పెచ్చు కట్టినా అవి పోయాయి. 2000 తర్వాత మొదటి కొన్నేళ్ళలో వచ్చిన బోర్డుల్లో నాసిరకం కెపాసిటర్ల వల్ల ఈ జబ్బు విపరీతంగా ఉండేది. నీది అంత పాతది కాదులే, అయినా ఒకసారి టార్చ్ వేసి చూడు.

ఫ్యాన్లు తిరిగి స్క్రీన్ చీకటిగా ఉంటే మాత్రం అందరూ మదర్‌బోర్డు పోయిందని టెన్షన్ పడతారు. ఆగు. మానిటర్ కేబుల్ ఎక్కడ పెట్టావు? గ్రాఫిక్స్ కార్డు ఉంటే దానికే పెట్టాలి, బోర్డు మీది రంధ్రానికి కాదు. అది సరిగ్గా ఉంటే అనుమానించాల్సింది ర్యామ్‌నే. స్లాట్‌లో ఏళ్ళ తరబడి కూర్చున్న ర్యామ్ కాంటాక్టుల మీద దుమ్ము, మసక పేరుకుంటాయి. రెండు వైపుల క్లిప్పులూ వంచి తీసి, బంగారు రంగు పళ్ళను మెత్తటి తెల్ల రబ్బరుతో నెమ్మదిగా తుడువు, రబ్బరు పొట్టు ఒక్కటి కూడా మిగలకుండా బ్రష్‌తో దులుపు. రబ్బరు వాడితే పూత పోతుందని తిట్టేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ మాటలో నిజం లేకపోలేదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దొరికితే అదే మంచిది. ఏటా రుద్దొద్దు, ఇలా అవసరమైనప్పుడు ఒకసారి చాలు. తిరిగి పెట్టేటప్పుడు క్లిప్పులు టక్‌మని పడేదాకా నొక్కాలి, నువ్వు భయపడి సగంలో ఆపేస్తావని నాకు తెలుసు. రెండు ర్యామ్‌లుంటే ఒక్కదాన్నే పెట్టి చూడు, తర్వాత రెండోదాన్ని, తర్వాత స్లాట్ మార్చి.

దేనికీ లొంగకపోతే ఒక చిట్కా చెప్తాను, నాకు చాలా ఇష్టమైంది. ప్లగ్గు పీకి ర్యామ్‌లన్నీ తీసేసి, ఖాళీ స్లాట్లతో ఆన్ చెయ్. బోర్డు బీప్ బీప్‌మని మొత్తుకుంటే సంతోషించు, ర్యామ్ లేదని ఫిర్యాదు చేసేంత తెలివి దానికి ఇంకా ఉందన్నమాట, అంటే ప్రాసెసరూ బోర్డూ బతికే ఉన్నాయి. దీనికి బోర్డుకి చిన్న స్పీకరు తగిలించి ఉండాలి, చాలా కేబినెట్లలో ఉండదు, లేకపోతే ఆ నిశ్శబ్దానికి అర్థమేమీ లేదు. బీప్‌ల భాష బయోస్ కంపెనీని బట్టి మారుతుంది. అవార్డ్ అనే కంపెనీ బయోస్‌లో ఒక పొడుగు రెండు పొట్టి అంటే డిస్‌ప్లే సమస్య, ఇంకో కంపెనీలో అదే వరసకి వేరే అర్థం ఉండొచ్చు, అందుకని నీ బోర్డు మాన్యువల్ చూసుకో.

ఆన్ అయి, పది నిమిషాలకే దానంతటది ఆగిపోతోందంటే వేడి. ప్రాసెసర్ మీది ఫ్యాన్ కింద దుమ్ము దుప్పటిలా పట్టి ఉంటుంది. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్క వేలితో పట్టుకో, గిర్రున తిరగనిస్తే బేరింగులు దెబ్బతింటాయి. కూలర్ (ఆ ఫ్యాన్, దాని కింది లోహపు దిమ్మె) నాలుగు ప్లాస్టిక్ కాళ్ళలో ఒకటి ఊడి వదులుగా ఉందేమో కదిపి చూడు. థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్ వేడిని కూలర్‌కి చేరవేసే ముద్ద) ఎండి సున్నంలా అయిపోతే మార్చాలి, పాతది పూర్తిగా తుడిచి ప్రాసెసర్ మధ్యలో చిటికెన వేలి గోరులో సగమంత పెడితే చాలు. కూలర్ తీసే ముందు మిషన్ కాసేపు నడిపి వెచ్చబడనివ్వు, ఆపి, ప్లగ్గు పీకి, అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ తియ్యి. చల్లగా ఉన్నప్పుడు ఒక్కసారిగా లాగితే కొన్ని రకాల్లో ప్రాసెసర్ కూడా దానికి అంటుకుని ఊడొస్తుంది, పిన్నులు వంగితే నీ పని నా పని రెండూ అయిపోతాయి.

నెల కిందట టైము తప్పు చూపిస్తోంది, వెబ్‌సైట్లన్నీ సేఫ్ కాదంటున్నాయి అని చెప్పావు గుర్తుందా? అది బోర్డు మీది నాణెం లాంటి బ్యాటరీ, సీఆర్2032, 3 వోల్టులది. అది నీరసపడితే మిషన్ డేటు మర్చిపోతుంది, వెబ్‌సైట్ల సర్టిఫికెట్ల తేదీలతో పొసగదు. ఎలాగూ మార్చాల్సిందే, కానీ మార్చే ముందు వీలైతే బయోస్ లోపలి తెరలన్నీ ఫొటో తీసుకో. ఎందుకంటే బ్యాటరీ తీయగానే సెట్టింగులు మొదటికి వస్తాయి, పాత బోర్డుల్లో సాటా మోడ్ (బోర్డు డిస్క్‌తో మాట్లాడే పద్ధతి) ఏహెచ్‌సీఐ నుంచి ఐడీఈకి తిరిగిపోవచ్చు. అప్పుడు విండోస్ నీలి తెర వేసి "ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్" అంటుంది, జనం హార్డ్ డిస్క్ పోయిందనుకుని ఫార్మాట్ కొట్టేస్తారు. బయోస్‌లో ఆ ఒక్క ముక్క తిరిగి మారిస్తే చాలు. ఈ సంగతి తెలియక ఫొటోలన్నీ పోగొట్టుకున్నవాళ్ళని చూశాను.

బూట్ డివైస్ లేదని నల్ల తెర మీద రాస్తే మొదట పెన్‌డ్రైవ్ ఏదైనా గుచ్చి మర్చిపోయావేమో చూడు. తర్వాత డిస్క్‌ని బోర్డుకి కలిపే సాటా కేబుల్ రెండు కొసలూ పీకి పెట్టు. బయోస్‌లో డిస్క్ పేరు కనిపిస్తే ఆశ ఉంది. మిషన్ లేచాక డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రాంలో కరెంట్ పెండింగ్ సెక్టర్లు (చదవలేక అనుమానంలో ఉన్న చోట్లు), రీఅలొకేటెడ్ సెక్టర్లు (పాడై పక్కన పెట్టేసిన చోట్లు) పెరుగుతూ ఉంటే డిస్క్ వెళ్ళిపోయే దారిలో ఉంది. సీఆర్‌సీ ఎర్రర్లు (డేటా దారిలో చెడిపోయిన లెక్క) మాత్రమే పెరుగుతుంటే ఎక్కువసార్లు కేబుల్‌దే తప్పు. డిస్క్ టిక్ టిక్‌మంటోందా, ఇంకేం ఆలోచించకు, అన్నిటికన్నా ముఖ్యమైనవి ముందు కాపీ చేసుకో. చెక్‌డిస్క్ (విండోస్‌లో డిస్క్ తప్పులు వెతికే ప్రోగ్రాం) నడపొద్దు, చచ్చేదాన్ని పరిగెత్తించినట్టు అవుతుంది. కాపీ అయ్యాక నీ ఇష్టం.

డిస్క్ మార్చాల్సి వస్తే ఎస్‌ఎస్‌డీయే (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) పెట్టు, పాత మిషన్‌కి దాన్ని మించిన మందు లేదు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, నీ ప్రాసెసర్ విండోస్ 11 లిస్టులో ఉండే వయసుది కాదు, కాబట్టి లినక్స్ మింట్ (విండోస్‌కి బదులు పెట్టుకునే ఉచిత వ్యవస్థ) సంగతి తర్వాత మాట్లాడుకుందాం. బోర్డే పోయిందని తేలితే ఒప్పుకుంటాను, దాని మీద ఇంకేమీ పెట్టొద్దు, డిస్క్ విప్పి తీసుకుని మీ నాన్న మాటే కానివ్వు.

ఆదివారం పొద్దున ఖాళీగా ఉంటాను. కాగితం ముందు పెట్టుకుని, ఫ్యాన్ తిరుగుతోందో లేదో ఈసారి చూసి, అప్పుడు ఫోన్ చెయ్.

మీ పెదనాన్న