దేవుడు ఉండగా కష్టంలో స్నేహితులు కావాలనుకోవడం అవిశ్వాసమా?

మీ ఆయన ఉద్యోగం పోయిందని, అప్పులున్నాయని, సంఘంలో ఒకరితో చెప్పుకోబోతే "మనుషుల మీద కాదు, దేవుని మీద ఆనుకోండి" అన్నారని రాశారు. తోడు కావాలనిపించడం మన విశ్వాసం తక్కువై కాదండి. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు ప్రభువే తన శిష్యులైన పేతురునీ జెబెదయి కుమారులిద్దరినీ వెంటబెట్టుకెళ్లి, నాతోపాటు మెలకువగా ఉండండి అని అడిగాడు. వాళ్లు నిద్రపోయారనుకోండి, అది వేరే సంగతి. అపొస్తలుడైన పౌలు చెరలో ఉండి, తన శిష్యుడు తిమోతిని చలికాలం రాకముందే రమ్మన్నాడు, త్రోయలో కర్పు దగ్గర ఉంచిన అంగీ తెమ్మన్నాడు. మాసిదోనియలో తాను నలిగిపోయి ఉన్నప్పుడు దేవుడు తన జతపనివాడు తీతు రాకవల్ల ఆదరించాడని 2 కొరింథీ 7:6లో రాసుకున్నాడు. అంటే దేవుని ఆదరణ పౌలు దగ్గరికి తీతు కాళ్లతో నడిచొచ్చింది.

మా ఇంటి సంగతి చెప్తాను. మావారికి కిడ్నీలు పాడై డయాలసిస్ మొదలైంది. వారానికి మూడుసార్లు, వెళ్లినప్పుడల్లా నాలుగేసి గంటలు. ఆరోగ్యశ్రీ ఉంది కాబట్టి ఆసుపత్రి ఖర్చు గట్టెక్కింది గానీ, ఆటో డబ్బులు, ఆయన పని ఆగిపోవడం, ఆ టెన్షన్ ఇంకో ఎత్తు. మొదట్లో ఇల్లంతా జనమే. పోనుపోను "ప్రార్థనలో జ్ఞాపకం చేసుకుంటున్నాం సిస్టర్" అని మెసేజ్‌లు మాత్రం మిగిలాయి. వాళ్లనేం తప్పుపట్టను, ఎవరి బాధలు వాళ్లవి.

ఇద్దరు మాత్రం వదల్లేదు. స్త్రీల కూడికలో పరిచయమైన ఒక అక్క, బట్టలు కుట్టుకుని బతికే మనిషి, నేను పనికి వెళ్లే రోజుల్లో మావారి పక్కన వచ్చి కూర్చునేది. పెద్దగా మాట్లాడేది కాదు. రెండోవాడు మావారితో సండే స్కూల్ నుంచీ కలిసి తిరిగిన స్నేహితుడు.

ఆ రోజుల్లోనే కొందరు ఇంటికొచ్చి, మీ ఇంట్లో ఒప్పుకోని పాపం ఏదో ఉంది, విశ్వాసం ఉంటే ఆ మెషిన్ ఎందుకు, నూనె రాసి ప్రార్థన చేస్తాం మానేయండి అన్నారు. సూదులతో, దాహమేసినా గుక్కెడు నీళ్లు లెక్కపెట్టుకు తాగడంతో విసిగిపోయిన మనిషికి ఆ మాట ఎంత తియ్యగా ఉంటుందో చూడండి. మావారు దాదాపు సరే అన్నారు. ఆ స్నేహితుడు ఒప్పుకోలేదు. "ఒరేయ్, దేవుడు బాగుచేస్తే రిపోర్టు చూసి డాక్టరే ఆపేస్తాడు. అప్పటిదాకా నువ్వు మానేస్తే ఎత్తుకెళ్లి పడుకోబెడతా" అన్నాడు. మావారు కోపంతో కొన్నాళ్లు అతనితో మాట్లాడలేదు. అయినా ప్రతి డయాలసిస్ రోజూ బండి వేసుకుని గుమ్మం ముందుండేవాడు. నాతోనూ అంతే నిక్కచ్చి. "వదినా, ఎవరికెంత ఇవ్వాలో కాగితం మీద రాయండి, తర్వాత ప్రార్థన చేద్దాం" అని దగ్గర కూర్చుని రాయించాడు. మేలు కోరే స్నేహితుడు గాయం చేస్తాడని సామెతలు 27:6లో ఉన్నది ఇలాంటివాళ్ల గురించే అనుకుంటాను. డయాలసిస్ ఇప్పటికీ నడుస్తోంది, మావారు ఉన్నారు.

పిల్లల్నీ ఆస్తినీ ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న యోబు స్నేహితుల్ని అందరూ తిడతారు గానీ, వాళ్లు ముందు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఒక్క మాటా అనకుండా అతనితో నేలమీద కూర్చున్నారు. అంతవరకు బాగానే ఉంది, నోరు తెరిచి, నీ పాపం వల్లే ఇదంతా అన్నాకే చెడింది. చివరికి దేవుని కోపం కూడా వాళ్లమీదే వచ్చింది. మనవాళ్లలో కొందరు ఆ ఏడు రోజులూ ఎగ్గొట్టి నేరుగా ప్రసంగంలోకి దిగుతారు.

మీరైతే ఈ విషయం సంఘమంతటికీ ప్రార్థన మనవిగా పెట్టకండి, సాయంత్రానికి అది వార్త అవుతుంది. ఇతరుల ఇంటి గుట్టు మీ దగ్గరికి ఎప్పుడూ మోసుకురానివాళ్లెవరో చూసి, వాళ్లకే చెప్పండి. చెప్పేటప్పుడు "ప్రార్థించండి" అని ఊరుకోకుండా, ఫలానా రోజు పిల్లల్ని బడి నుంచి తీసుకొస్తారా, ఫలానా చోట ఉద్యోగం ఉందేమో కనుక్కుంటారా అని అడగండి. అప్పు మాత్రం అదే మనిషిని అడక్కపోవడం మంచిదని నా అభిప్రాయం. డబ్బు మధ్యలోకొస్తే ఉన్నది ఉన్నట్టు చెప్పే నోరు మూతపడుతుంది.

మీ ఆయన్ని కూడా గమనించండి. ఉద్యోగం పోయిన మగవాళ్లు చాలామంది "ఇప్పుడేం చేస్తున్నారు బ్రదర్" అనే ప్రశ్నకి భయపడే ఆదివారం ఆరాధన మానేస్తారు. ఆయన పాత స్నేహితుల్లో ఒకరికి మీరే ఫోన్ చేసి, ఒక సాయంత్రం టీకి రమ్మనండి. వచ్చాక వాళ్లిద్దర్నీ వదిలేసి మీరు వంటింట్లోకి వెళ్లిపోండి.