చైనా మూలికలకు సైడ్ ఎఫెక్ట్స్ ఉండవా? నా డోలో కథ వినండి

"చైనా మూలికల వైద్యం పనిచేస్తుందా? సైడ్ ఎఫెక్ట్స్ ఉండవంటారు, నిజమేనా?" అని అడిగారు. నేను చైనాలోని నాంజింగ్‌లో ఎంబీబీఎస్ చదివాను. (ఆ మాట అంటే చాలు, పాములు తిన్నావా అంటారు మనవాళ్లు. టమాటా వేసిన గుడ్డు తప్ప నేనేమీ తినలేదు బాబూ.)

రెండో ఏడాది చలికాలం. ముక్కు కారడం, ఒళ్లునొప్పులు. హాస్టల్ కింద కూర్చునే ఆంటీ, అక్కడ 'ఆయీ' అంటారు, నన్ను ఎదురువీధి మూలికల కొట్టుకు లాక్కెళ్లింది. గోడ నిండా చిన్న చిన్న చెక్క సొరుగులు. పెద్దాయన మూడు వేళ్లతో నాడి పట్టాడు, నాలుక చాపమన్నాడు, చేతి త్రాసులో తూచి కాగితం మీద పోశాడు. చూస్తే సగం మనవే: అతిమధురం, అల్లం, దాల్చిన రెమ్మలు, ఎండు రేగుపళ్లు. మా నాయనమ్మ కషాయానికి చుట్టమే.

కానీ వాటిని మట్టికుండలో కాచాలట, ఇనుప గిన్నె పనికిరాదట. మా హాస్టల్లో స్టవ్ పెడితే ఫైన్. అందుకని పక్కనున్న మెడికల్ షాపులో గాన్‌మావ్‌లింగ్ అనే జలుబు మందు పొడి కొన్నాను. వేడినీళ్లలో కలిపితే బెల్లం పాకం రంగు. ఆకుల మందే కదా అని రోజుకు మూడు పాకెట్లు తాగుతూ, ఇంటి నుంచి తెచ్చుకున్న డోలో 650 కూడా మూడుపూటలా వేసుకున్నాను. మూడో రోజు ల్యాబ్‌లో బల్ల మీద తల పెట్టి నిద్రపోయాను.

చైనీస్ బాగా వచ్చిన సీనియర్ పాకెట్ వెనక చదివి నవ్వాడు. మూలికలతో పాటు ఒక్కో పాకెట్లో పారాసిటమాల్ 200 మిల్లీగ్రాములు, నిద్ర తెప్పించే క్లోర్‌ఫెనిరమైన్ 4 మిల్లీగ్రాములు! దాచిందేమీ లేదు, అచ్చులోనే ఉంది. నేను చదవలేదు, అంతే. డోలో కూడా పారాసిటమాలే కదా, రెండూ కలిపి రోజుకు రెండున్నర గ్రాములు. ఇంకా పెంచి ఉంటే లివర్ సంగతేమిటో!

పనిచేస్తాయా అంటే, కొన్ని బ్రహ్మాండంగా చేస్తాయి. మలేరియాకు వాడే ఆర్టెమిసినిన్ చింగ్‌హావ్ మొక్క నుంచి తీసిందే. పాత గ్రంథంలో ఆ మొక్కను కాచమని కాక నీళ్లలో నానబెట్టి పిండమని ఉంటే, వేడికి మందు చెడుతోందని చైనా శాస్త్రవేత్త తూ యూయూ పట్టేశారు. 2015లో నోబెల్ వచ్చింది. అదే చైనా మూలికల పేరుతో 1990ల మొదట్లో బెల్జియంలో సన్నబడే మాత్రల్లో ఒక వేరుకు బదులు ఇంకో వేరు కలిసి, వందమందికి పైగా కిడ్నీలు పోయాయి. 'నేచురల్' అని వాట్సాప్‌లో పంపే బాబాయిలు ఇది మాత్రం ఫార్వర్డ్ చెయ్యరు.

నా జలుబు తగ్గించింది డోలోనే అని నా నమ్మకం. వారం ఆగితే అదే తగ్గేదంటారా, ఒప్పుకోను. మిగిలిన పాకెట్లు మా రూమ్మేట్ పట్టుకుపోయాడు, పరీక్షల టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదని.