ఫెస్ పాతబస్తీలో ఫోన్ జేబులోనే ఉంచండి

ఉద్యోగం మీద మొరాకోలో కాసాబ్లాంకాకో రబాత్‌కో కొత్తగా వచ్చిన మనవాళ్లు ముందు మరాకేష్ గురించి అడుగుతారు. నేను మాత్రం మొదట ఫెస్‌కే వెళ్లమంటాను. కాసాబ్లాంకా నుంచి రైల్లో సుమారు నాలుగు గంటలు. ఒక్కరోజులో చుట్టేసి రావాలనుకోకండి, రాత్రి అక్కడే ఉండండి.

స్టేషన్ బయట చిన్న ఎర్ర టాక్సీ ఎక్కి, మీటర్ వేయమని అడిగి, బాబ్ బూ జెలూద్ దగ్గర దిగండి. బయటికి నీలం, లోపలికి ఆకుపచ్చ పలకలున్న ద్వారం అది. అక్కడి నుంచి కార్లు పోవు. లోపల రెండు ప్రధాన వీధులు: తాలా కెబీరా, తాలా స్గీరా. అంటే పెద్ద ఎక్కుడు, చిన్న ఎక్కుడు. దారి కిటుకంతా ఆ పేర్లలోనే ఉంది. రెండూ కరవీయిన్ మసీదు వైపు పల్లానికి దిగుతాయి. దారి తప్పితే ఎగువకు నడవండి, మళ్లీ ద్వారం దగ్గరకే చేరతారు. ఎత్తైన గోడల మధ్య ఫోన్‌లో మ్యాపు తికమక పెడుతుంది. మొదటిసారి దాన్ని నమ్ముకుని నేను గంటన్నర తిరిగిన చోటే తిరిగాను. "ముందు దారి మూసేశారు, నాతో రండి" అని ఎవరైనా అంటే "లా, శుక్రన్" (వద్దు, థాంక్స్) అని నవ్వుతూ చెప్పి సాగిపోండి.

"బాలాక్!" అని వినిపిస్తే వెంటనే గోడకు ఆనుకోవాలి. గ్యాస్ సిలిండర్లు మోస్తూ కంచరగాడిద వస్తోందన్నమాట.

859లో ఫాతిమా అల్ ఫిహ్రీ కట్టించిందని చెప్పే కరవీయిన్‌లోకి ముస్లింలకే ప్రవేశం. మిగతావాళ్లం గుమ్మం దగ్గర నిలబడి చూడొచ్చు. 14వ శతాబ్దపు బూ ఇనానియా మదర్సాకు మాత్రం టికెట్ కొని అందరూ వెళ్లొచ్చు. నాకు ప్రాణమైన చోటు సెఫ్ఫారీన్ చౌకు. రాగి గంగాళాల మీద సుత్తి దెబ్బలు, ఒకరి తాళానికి ఇంకొకరి తాళం. పెంబర్తిలో పని చూసినవాళ్లకు అక్కడ కాలు కదలదు.

తోళ్లు నానబెట్టి రంగులద్దే షువారా తొట్లను పక్క దుకాణాల మేడల మీంచి చూడాలి. తోలు మెత్తబడటానికి సున్నం, పావురాల రెట్ట వాడతారు కాబట్టి ఘాటు మామూలుగా ఉండదు. పుదీనా రెమ్మ చేతికిస్తారు, ముక్కు దగ్గర పెట్టుకోండి. ఎంత ఇవ్వాలో మెట్లెక్కక ముందే మాట్లాడుకోండి. తొట్లలో మోకాళ్ల లోతున దిగి పనిచేసేవాళ్లను అడగకుండా ఫోటో తీయకండి, దయచేసి.

శాకాహారులకు "బ్లా ల్హమ్", అంటే మాంసం లేకుండా, అన్న మాట వస్తే చాలు. ఎండు బాకులా (ఫావా బీన్స్) గింజల సూపు బిస్సారా, పొరల పరోటాలాంటి మ్సెమ్మెన్ కడుపు నింపుతాయి. హరీరా సూపులో తరచుగా మాంసం ఉంటుంది, అడిగి తాగండి. శుక్రవారం చాలా దుకాణాలు మూసే ఉంటాయి.

అమ్మానాన్నలను తీసుకెళ్తే బస బాబ్ బూ జెలూద్ ద్వారానికి దగ్గర్లోనే తీసుకోండి. తిరుగు దారంతా ఎక్కుడే, మోకాళ్లు పట్టేస్తాయి. సామాను తోపుడుబండి అబ్బాయికి ఇచ్చేయండి, రేటు ముందే అనుకుని.