మూడు నోడ్ల సిమ్యులేషన్ మధ్యలో నిలిచిపోతే

మూడు నోడ్లు (సిమ్యులేషన్ పనిని పంచుకుని నడిపే భాగాలు) మధ్యలో ఆగిపోతున్నాయి, నెట్‌వర్క్ లోపమా అని అడిగారు. ఇది నెట్‌వర్క్ లోపం కాదు, డెడ్‌లాక్. మూడు నోడ్లూ ఆగి, సీపీయూ వాడకం సున్నాకు పడిందన్నారుగా, అంటే ఒకదాని కోసం ఒకటి కాచుకుని కూర్చున్నాయి.

1. మీ కోడ్ ఈవెంట్ (సమయం వేసి పంపే సంఘటన) వెళ్లే లింకు మీదే నల్ మెసేజ్ (ఈవెంట్ లేకుండా సమయం మాత్రమే తెలిపే సందేశం) పంపుతోంది. అక్కడ దాని అవసరమే లేదు. నల్ మెసేజ్‌లతో డెడ్‌లాక్‌ను తప్పించే చాందీ, మిశ్రా, బ్రయంట్‌ల పద్ధతిలో పొరపడే వీలున్నది ఇక్కడే.

2. నోడ్ గడియారం (సిమ్యులేషన్‌లో అది చేరిన సమయం) కదిలిన ప్రతిసారీ, ఈవెంట్ వెళ్లని లింకులన్నిటికీ నల్ మెసేజ్ పంపండి. లోపలికి వచ్చే లింకుల గడియారాలు 12, 9. సొంత క్యూలో మొదటి ఈవెంట్ 10. లుక్‌అహెడ్ (ఈవెంట్ అందాక నోడ్ మరొకటి బయటికి పంపేలోపు పట్టే కనీస ఆలస్యం) 2 అనుకుందాం. ఈ మూడిట్లో కనిష్ఠం 9, దానికి 2 కలిపి నల్ మెసేజ్ మీద 11 వేయాలి. 11 కంటే ముందు సమయంతో ఇక ఏదీ పంపనని మాట ఇచ్చినట్టు.

3. లుక్‌అహెడ్ సున్నా పెట్టకండి. మీ నోడ్లు వలయంగా ఉన్నాయి కాబట్టి నల్ మెసేజ్‌లు గానుగెద్దులా తిరుగుతాయి, సమయం మాత్రం కదలదు. అలాగని ఊహించి పెద్ద అంకె వేస్తే ఫలితాలే తప్పుతాయి. మోడల్‌లో నిజంగా ఉన్న కనీస ఆలస్యమే వేయండి.

4. నెట్‌వర్క్ మీద మెసేజ్‌లు పంపడానికి, వరుసకు హామీ ఇవ్వని యూడీపీ వాడుతుంటే, వరుస తప్పనివ్వని టీసీపీకి మారండి. ప్రతి లింకులోనూ మెసేజ్‌లు పంపిన వరుసలోనే చేరాలి.